బస్రా బాకీ

2024 డిసెంబరు 21, 22, 23 తేదీలలో మా ముండ్లమూరు మండలంలోను, పక్కనున్న తాళ్ళూరు మండలంలోను వరుసగా మూడు రోజులు భూమి కంపించింది. పెద్ద ప్రకంపనలు కావు. కొన్ని క్షణాల పాటు గిన్నెలు గలగలలాడాయి, తలుపు గడియలు చప్పుడు చేశాయి, అంతే. అయినా జనమంతా వీధులలోకి వచ్చి నిలబడ్డారు. మొదటి రోజు మేము ఉత్తచేతులతో పరుగెత్తాము. రెండవ రోజు అమ్మ తన మందుల సంచి వెంట తెచ్చుకున్నది. మూడవ రోజు తమ్ముణ్ణి మళ్ళీ లోపలికి పంపి, మంచం క్రింది రేకుపెట్టెను మోయించి తెప్పించింది. అందులో బంగారం లేదు. ఆ పెట్టెకు తాళమైనా లేదు.

వేపచెట్టు క్రింద నిలబడినవారిలో ఒకరు, "ఏమమ్మా, ఆస్తి పత్రాలా?" అని అడిగారు. "కాదు, అప్పు పత్రాలు" అన్నది అమ్మ. వారు నవ్వారు. మేము నవ్వలేదు, ఆమె చెప్పినది నిజమే కనుక.

ఆ పెట్టెలో ఉన్నవి నాన్నగారి పాత పాస్‌పోర్టు, ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్‌కు పంపిన దరఖాస్తు నకలు, డబ్బు వచ్చినప్పటి బ్యాంకు చీటీలు, నల్ల అట్ట వేసిన ఒక నోటుపుస్తకం. నాన్నగారు 2021లో అల్లాహ్ సన్నిధికి చేరారు. వెళ్ళే ముందు ఇల్లు, పొలం గురించి రెండు మాటలలో ముగించి, ఆ నోటుపుస్తకం గురించి మాత్రం చాలాసేపు మాట్లాడారు. యుద్ధంలో చితికిన దేశాన్ని తిరిగి నిలబెట్టడమంటే ఏమిటో, అందుకు లోకమంతా చేయి వేయడమంటే ఏమిటో మాకు కొద్దిగానైనా తెలిసినదంటే అది ఆ పుస్తకం వల్లనే.

నాన్నగారు తాపీమేస్త్రీ. 1986లో వీసా కొరకు వడ్డీకి అప్పు తెచ్చి కువైట్ వెళ్ళారు. వడ్డీ ఎంతటి పాపమో తెలిసి కూడా తెచ్చానని చివరివరకు బాధపడేవారు. నాలుగేళ్ళలో అసలు సగం తీరింది. ఆయన ఉన్నది ఫర్వానియాలో, ఒక గదిలో ఎనిమిదిమందితో. ఆ రోజులలో కువైట్‌లో 1,70,000 మందికి పైగా భారతీయులు ఉండేవారు. తెలుగువారిలో కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలవారు, గోదావరి జిల్లాలవారు ఎక్కువ. మా వైపు నుండి వెళ్ళినవారు తక్కువే. అందుచేత ఆయన గదిలో ఉన్నవారు మాట్లాడే యాస మీద మా ఇంట చాలాకాలం హాస్యాలు నడిచాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. తెల్లవారి పనికి పోదామని లేచినవారికి వీధిలో టాంకులు కనిపించాయట. కొద్ది రోజులకు కువైట్ దినారు ఇరాక్ దినారుతో సమానమని ప్రకటించారు. ఇంకొన్ని వారాలకు ఆ నోటే చెల్లదన్నారు. నాలుగేళ్ళు మిగిల్చినది దిండు క్రిందనే కాగితమైపోయింది. యజమాని దేశం వదిలి వెళ్ళిపోయాడు. రెండు నెలల జీతం, సర్వీసు డబ్బు, పనిముట్లు అన్నీ అక్కడే ఆగిపోయాయి. తాపీ, గుండు, రసమట్టం, మూలమట్టం. ఈ నాలుగు పేర్లు ఆయన ఎప్పుడు చెప్పినా అదే వరుసలో చెప్పేవారు, పిల్లల పేర్లు చెప్పినట్లు.

ఇక్కడ మాకు కబురు లేదు. ఉత్తరాలు రావు, టెలిఫోను మాట అడగనక్కరలేదు. నాయనమ్మ మాత్రం ప్రతి నమాజు తరువాత దోసిలి పట్టి చాలాసేపు కూర్చునేది. అమ్మ టీకొట్టు వద్ద రేడియో వార్తలు వినడానికి తమ్ముణ్ణి పంపేది. వాడికప్పుడు ఆరేళ్ళు. బాగ్దాదు, అమ్మాను అనే మాటలు విని వచ్చి చెప్పేవాడు. మిగతావి వాడికి అర్థమయ్యేవి కావు.

నాన్నగారు సెప్టెంబరులో బయలుదేరారు. కువైట్ నుండి బస్రా, బస్రా నుండి బాగ్దాదు, అక్కడి నుండి ఎడారి దారిన జోర్డాన్ సరిహద్దు. బస్రా దాటిన కొంత దూరంలో బస్సు చెడిపోయింది. ఎండ. నీళ్ళు అయిపోయాయి. దారి పక్కన ఒక ఇంటి నుండి వృద్ధురాలు ఒకామె వచ్చి చూసి వెళ్ళి, మళ్ళీ ఇద్దరు మనవలతో తిరిగి వచ్చింది. రొట్టెలు, ఒక గిన్నె ఖర్జూరాలు, రెండు కడవల నీళ్ళు తెచ్చారు. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి ఇరాక్‌పై ఆంక్షలు విధించింది. ఆ దేశంలో అప్పటికే పిండికి, చక్కెరకు కటకట మొదలయింది. నాన్నగారు మిగిలిన దినార్లు చూపితే ఆమె చేతితో త్రోసివేసింది. ఏదో అన్నది. నాలుగేళ్ళు కువైట్‌లో ఉన్నా ఆ మాటలు ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. ఆమె ముసాఫిర్ అన్న ఒక్క మాట మాత్రం తెలిసింది.

నోటుపుస్తకంలో మొదటి పుట ఇది: "బస్రా. రొట్టెలు 9. ఖర్జూరం ఒక గిన్నె. నీళ్ళు. వెల తీసుకోలేదు."

సరిహద్దు దాటిన తరువాత రువైషిద్ వైపు ఎడారి శిబిరాలు. బంగ్లాదేశ్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఈజిప్టు వారందరూ అక్కడే. తానే చిన్న దేశమైన జోర్డాన్ లక్షలమందిని తన నేల మీదుగా దాటించింది. అమ్మాన్ నుండి మన దేశం 59 రోజుల పాటు 488 విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా భారతీయులను తెచ్చింది. ఆ విమానాలలో ఒకదానిలో నాన్నగారు బొంబాయి చేరి, రైలులో గుంతకల్లు వచ్చి, అక్కడ చిన్న రైలు మారి, దొనకొండ స్టేషనులో దిగారు. అప్పటికింకా ఆ దారి మీటరు గేజే. దర్శి మీదుగా బస్సులో ఇల్లు చేరేసరికి రాత్రి. తలుపు తీసిన నాయనమ్మ ముందు మనిషిని గుర్తుపట్టలేదు.

ఇంతవరకు చెప్పినది మా ఇంటి కథ. ఇటువంటి కథ ఆ ఏడాది వేల ఇళ్ళలో జరిగింది. ఆ తరువాత జరిగినదే లోకంలో కొత్త.

1991 ఫిబ్రవరి 26న కువైట్ నగరం విముక్తమయింది. ఏప్రిల్‌లో భద్రతామండలి 687వ తీర్మానం ద్వారా ఆక్రమణ వల్ల కలిగిన నష్టాలకు ఇరాక్ బాధ్యత వహించాలన్నది. మే నెలలో నష్టపరిహార కమిషన్‌ను, దానికొక నిధిని ఏర్పాటు చేసింది. కార్యాలయం జెనీవాలో. యుద్ధ పరిహారమంటే అంతవరకు ఎక్కువగా ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వానికి చెల్లించేది. ఓడినవాడు గెలిచినవాడికి కట్టే కప్పం వంటిది. కూలివాడి లెక్క అందులో అరుదుగా కనిపించేది. ఈ కమిషన్ మాత్రం దరఖాస్తులను తరగతులుగా విభజించి, చిన్నవారిని ముందు వరుసలో నిలబెట్టింది. దేశం విడిచి పోవలసివచ్చినవారు ఒక తరగతి. గాయపడినవారు, ఆప్తులను కోల్పోయినవారు మరొకటి. వ్యక్తులకు కలిగిన ఇతర నష్టాలు ఇంకొకటి. కంపెనీలు, ప్రభుత్వాలు వారి తరువాతే.

మొత్తం దాదాపు 27 లక్షల దరఖాస్తులు, కోరిన పరిహారం 35,250 కోట్ల డాలర్లు. దేశం విడిచినవారి దరఖాస్తులే 9 లక్షలకు పైగా. అన్నింటినీ విడివిడిగా విచారించాలంటే ఒక జీవితకాలం చాలదు. అందుచేత ఈ తరగతికి మొత్తాలను ముందే స్థిరపరిచారు. ఒంటరిగా వచ్చినవారికి 2,500 డాలర్లు, కుటుంబంతో వచ్చినవారికి 5,000. ఇతర తరగతులలో మళ్ళీ అడగబోమని రాసి ఇస్తే 4,000, 8,000. వస్తువుల జాబితా, రసీదులు అక్కరలేదు. ఆ రోజులలో కువైట్‌లోనో ఇరాక్‌లోనో ఉండి, అక్కడి నుండి బయటపడ్డారని తెలిస్తే చాలు. దానికి సాక్ష్యం వివిధ దేశాలు అందజేసిన రాకపోకల రికార్డులు, తరలింపు విమానాల జాబితాలు. కంప్యూటరులో పేరుకు పేరు సరిచూశారు. అమ్మాన్‌లో విమానమెక్కే ముందు పేరు రాసుకున్న గుమాస్తాకు, తాను రాస్తున్నది ఏళ్ళ తరువాత ఒకరి ఇంటి పైకప్పు అవుతుందని తెలిసి ఉండదు.

దరఖాస్తులు మన ప్రభుత్వం ద్వారానే పోవాలి. నాన్నగారి ఫారం నింపినందుకు ఒకాయన 300 రూపాయలు తీసుకున్నాడు. తీసుకున్నా సరిగా నింపలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక విధంగా, ఫారంలో మరొక విధంగా పడింది. ఆ ఒక్క అక్షరం కొరకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాము. అంటే బడిలో ఇంగ్లీషు చదువుతున్న మా పెద్దక్క రాసింది, మేమందరం కవరు అంటించాము. తాపీ, గుండు, రసమట్టం, మూలమట్టం అని ఆమె ఒక ఉత్తరంలో రాయబోతే నాన్నగారు వద్దన్నారు. "మనం 4,000 తరగతిలో రాసి ఇచ్చాము కదా. మాట ఇచ్చిన తరువాత మళ్ళీ గుండుకు వేరే లెక్క అడగకూడదు."

డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్న మొదట అడిగినది అమ్మ.

ఇరాక్ చమురు అమ్మగా వచ్చిన దానిలో 30 శాతం వరకు ఆ నిధికి పోవాలని 1991లోనే నిర్ణయించారు. అయితే ఆంక్షల వల్ల చమురు అమ్మకమే లేదు, కనుక చాలా ఏళ్ళు నిధి దాదాపు ఖాళీ. ఆహారానికి చమురు అనే పథకం క్రింద 1996 డిసెంబరులో అమ్మకం మొదలయింది. ఆ అమ్మకంలోనే 30 శాతం పరిహారానికి. మిగిలినదానిలో నుండి ఇరాక్ ప్రజల తిండి, మందులు. మా నాన్నగారి మొదటి విడత 2,500 డాలర్లు, రూపాయలలో లక్షకు దగ్గరగా, 1998లో వచ్చింది. అదే ఏడాది ఇరాక్‌లో ఐక్యరాజ్యసమితి మానవతా కార్యక్రమాన్ని నడిపిస్తున్న డెనిస్ హాలిడే ఆంక్షల తీరును నిరసిస్తూ రాజీనామా చేశారు. రెండేళ్ళకు ఆయన స్థానంలో వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ కూడా అదే చేశారు. అక్కడి ఆసుపత్రులలో మందులు లేవని పత్రికలు రాస్తూనే ఉన్నాయి.

బ్యాంకు చీటీ చేతిలో పెట్టుకుని అమ్మ అడిగింది. "ఏమండీ, ఇది ఆ రొట్టెలు ఇచ్చిన అమ్మ మనవల మందుల డబ్బు కాదు కదా?"

నాన్నగారు ఆ రాత్రి భోజనం చేయలేదు. మరునాడు జుహర్ తరువాత మసీదులో పేష్ఇమాం గారిని అడిగారు. "హజ్రత్, ఇది హలాలేనా?" ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు తీసుకున్నారు. తరువాత అన్నది ఇది: మీ చెమటకు రావలసినది మీకు వచ్చింది, అది హలాలే, అందులో సందేహం వద్దు. దానిని కాజేసినవాడు చెల్లించవలసినదే. కాని రొట్టె ఇచ్చిన ఇంటి హక్కు వేరే లెక్క. అది మీరే చూసుకోండి.

మాలో ఈ విషయమై నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఒకరు అంటారు: దండెత్తినది ఇరాక్ పాలకుడు, నష్టం చేసినవాడు కట్టకపోతే రేపు మరొకడు దండెత్తుతాడు. మరొకరు అంటారు: పాలకుడు ఒక్క పూటైనా పస్తు ఉన్నాడా, కట్టినది బస్రా వృద్ధురాలు కదా. రెండు మాటలూ నిజమేనని మాకు తోస్తుంది. చిన్నవాడి లెక్క ముందు తేల్చడం న్యాయం. ఆ విషయంలో కమిషన్ చేసిన పని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కాని మందులు కొనలేని దేశం చమురులో నుండి 30 శాతం తీయడం, దానిలో పెద్ద కంపెనీల, ప్రభుత్వాల వంతు కూడా నడిపించడం న్యాయమని మేము అనలేము. చిన్నవారి బాకీలు తీరిన నాడే ఆ కోతను నామమాత్రం చేసి ఉండవలసినది. 2000లో 25 శాతమన్నారు. 5 శాతానికి దిగినది 2003లో, మరొక యుద్ధం జరిగిన తరువాత.

ఇక్కడ కొంత వెనుకకు వెళ్ళాలి. పరిహారం రాకముందే, 1992లో, నాన్నగారు మళ్ళీ కువైట్ వెళ్ళారు. అప్పు తీరలేదు, వేరే దారి లేదు. తిరిగి కట్టే పనికి మేస్త్రీలు కావాలి.

ఆయన వెళ్ళేనాటికి ఆకాశంలో పొగ పోయింది. 600కు పైగా చమురు బావులు తగలబడితే ఏళ్ళ తరబడి మండుతాయని నిపుణులు అన్నారట. అమెరికా, కెనడాల నుండి, చైనా నుండి, ఇంకా ఎన్నో దేశాల నుండి దళాలు వచ్చాయి. హంగరీవారు పాత యుద్ధటాంకు మీద విమాన ఇంజన్లు బిగించి, వాటి గాలితో నీటిని మంటల మీదికి చిమ్మారు. ఎనిమిదేళ్ళు ఇరాక్‌తో పోరాడి, ఆ యుద్ధంలో ఇరాక్‌కు అప్పులిచ్చిన కువైట్ మీద కోపం ఉండదగిన ఇరాన్ కూడా మనుషులను పంపింది. కువైట్ యువకుల సొంత దళం కూడా బావులు ఆర్పింది. చివరి బావిని 1991 నవంబరు 6న మూసివేశారు. ఇసుకలో పాతిన మందుపాతరలను ఏరడానికి దేశాన్ని భాగాలుగా చేసి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఈజిప్టు, టర్కీ, పాకిస్తాన్, బంగ్లాదేశ్ పంచుకున్నాయి. ఆ పనికి వచ్చిన బంగ్లాదేశ్ దళం తన కార్యక్రమానికి కువైట్ పునర్గఠన్ అని పేరు పెట్టుకున్నది. ఆ మాట వినగానే తెలుగు మాటలా ఉన్నదే అని నాన్నగారికి సంతోషం.

ఆయన పని కాలిన గోడలు గీకడం. మసి పట్టిన గోడకు కొత్త పూత వేస్తే నిలవదు. పాత పూతను ఇటుక కనిపించేవరకు చెక్కి, కడిగి, ఆరనిచ్చి, అప్పుడు వేయాలి. తొందరపడి మసి మీదే పూసిన కంట్రాక్టర్లు ఉన్నారని, ఆరు నెలలకు పెచ్చులు ఊడాయని చెప్పేవారు. ఖురైన్ అనే చోట ఒక ఇల్లు మాత్రం ఏ మేస్త్రీ ముట్టుకోకుండా అలాగే ఉంచారు. విముక్తికి రెండు రోజుల ముందు అందులో దాగి పోరాడిన కువైట్ యువకులు ఎందరో ప్రాణాలు అర్పించారు. గోడల నిండా తూటాల రంధ్రాలు. ఇప్పుడది ప్రదర్శనశాల. నాన్నగారు ఒక శుక్రవారం వెళ్ళి చూసి వచ్చారు. "పూత వేయకూడని గోడ కూడా ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను" అనేవారు.

ఆయనకు ప్లాను చదవడం నేర్పిన పాత ఫోర్‌మన్ పాలస్తీనా మనిషి. తిరిగి వెళ్ళేసరికి ఆ ఫోర్‌మన్ లేడు. యుద్ధానికి ముందు కువైట్‌లో లక్షల సంఖ్యలో ఉన్న పాలస్తీనియులలో చాలామందికి, తమ నాయకత్వం ఇరాక్ పక్షం వహించినదన్న కోపం వల్ల, మళ్ళీ అక్కడ చోటు దొరకలేదు. వారి గదులలోకి మనవారు, ఈజిప్టువారు, బంగ్లాదేశీయులు వచ్చారు. అంతమంది చేతులు కలిసిన పునర్నిర్మాణంలో కూడా కొన్ని చేతులను బయట నిలబెట్టారు. ఈ సంగతి చెప్పకుండా మిగతాది చెబితే కథ అబద్ధమవుతుంది. దరఖాస్తు చేసుకునే అవకాశం సకాలంలో దొరకని పాలస్తీనియుల నుండి కమిషన్ చాలా ఆలస్యంగా, 2001 తరువాత, ప్రత్యేకంగా దరఖాస్తులు స్వీకరించింది. ఆ ఫోర్‌మన్ అప్పటికి ఎక్కడ ఉన్నాడో, అతని లెక్క తేలిందో లేదో మాకు తెలియలేదు.

మా ఇంటికి రెండు గదులు, స్లాబు 1999లో వేశాము. అంతకుముందే వడ్డీ అప్పు పూర్తిగా తీర్చారు. పెద్దక్క పెళ్ళి జరిగింది. రెండవ విడత వచ్చినప్పుడు నోటుపుస్తకంలో కొత్త పుట తీసి, పైన "బస్రా బాకీ" అని రాశారు. ఆంక్షలున్న ఇరాక్‌కు ముండ్లమూరు నుండి ఒక మేస్త్రీ డబ్బు పంపే దారి లేదు. ఉన్నా ఆ ఇల్లు ఎక్కడని పంపుతారు? అందుచేత ఎదుటపడిన పిల్లలకు, ముసాఫిర్లకు చెల్లించడం మొదలుపెట్టారు. దర్శి ఆసుపత్రిలో ఒక కూలీ కొడుకుకు మందులు, 240. కనిగిరి వైపు నుండి వలస వచ్చిన కుటుంబానికి నెల బియ్యం. ఆ వైపు ఫ్లోరైడు నీళ్ళకు కాళ్ళు వంకరపోయిన ఒక ముసలాయనకు చేతికర్ర, టౌనుకు బస్సు ఛార్జీ. జకాత్ లెక్క వేరు, ఇది వేరు. రెండింటిని ఎన్నడూ కలపనివ్వలేదు. "జకాత్ అల్లాహ్ విధించిన హక్కు. ఇది నేను తిన్న రొట్టె" అనేవారు.

2018 ఫిబ్రవరిలో ఒక వార్త వచ్చింది. అప్పటికి నాన్నగారికి చూపు మందగించింది, తమ్ముడు చదివి వినిపించాడు. ఇరాక్ పునర్నిర్మాణానికి అంతర్జాతీయ సదస్సు 12 నుండి 14 వరకు కువైట్‌లో జరుగుతున్నది. మోసూలు వంటి నగరాలు మరొక యుద్ధంలో నేలమట్టమయ్యాయి. కావలసినది 8,800 కోట్ల డాలర్లని అంచనా. సదస్సులో దేశాలు, సంస్థలు ప్రకటించినది 3,000 కోట్లు. అందులో ఎక్కువ భాగం అప్పులు, పెట్టుబడులు, రుణ హామీలే. కువైట్ తన వంతుగా 200 కోట్లు ప్రకటించింది. తమ్ముడు ఆ అంకెలను చూసి పెదవి విరిచాడు. ఇటువంటి సదస్సులలో చెప్పినదానికి, చేతికి వచ్చేదానికి మధ్య ఎంత దూరం ఉంటుందో వాడికి తెలుసు. 2003లో మాడ్రిడ్‌లో కూడా ఇరాక్ కొరకు పెద్ద పెద్ద మొత్తాలు వినిపించాయి. నాన్నగారు అంకెలను పట్టించుకోలేదు. "ఎక్కడ జరిగిందన్నావు?" అని రెండవసారి అడిగారు. కువైట్‌లో అని తమ్ముడు చెప్పాడు. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ఇల్లు కాలినవాడే ఇరుగింటికి తాపీ అందిస్తున్నాడు" అన్నారు.

పొగడ్త మాత్రమే చాలదని మాకు తెలుసు. అదే సమయంలో ఇరాక్ నుండి పరిహారం వసూలు కూడా సాగుతూనే ఉన్నది. 2014లో ఆగిన చెల్లింపులు 2018లోనే మళ్ళీ మొదలయ్యాయి. చివరి విడత 2022 జనవరిలో కువైట్ చమురు సంస్థ లెక్కలో చేరింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు, సుమారు 15 లక్షలమంది హక్కుదారులకు. దానితో ముప్పై ఏళ్ళ ఖాతా మూసివేశారు. డబ్బు లెక్క మూసినా మిగతా లెక్కలు మూతపడలేదు. యుద్ధంలో కనిపించకుండా పోయిన 600కు పైగా మంది కువైట్‌వారి, వారితో ఉన్న ఇతర దేశస్థుల అవశేషాల కొరకు రెడ్‌క్రాస్ పెద్దరికంలో ఇరు దేశాలు ఇంకా వెదుకుతున్నాయి. తీసుకుపోయిన పుస్తకాలను, దస్త్రాలను ఇరాక్ విడతలుగా తిరిగి ఇచ్చింది. ఆ చివరి చెల్లింపు నాటికి నాన్నగారు లేరు. ఉండి ఉంటే కమిషన్ ఖాతా మూసింది, నాది మూయలేదు అని ఉండేవారేమో.

ఈ రోజులలో మా ఇంట గజా ప్రస్తావన రాని పూట లేదు. మీ ఇంట కూడా అంతే అయి ఉంటుంది. 2025 మార్చిలో కైరోలో సమావేశమైన అరబ్ దేశాల నాయకులు 5,300 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ ప్రణాళికను ఆమోదించారు. మేము ఆ అంకె చదివి, పెట్టెలోని కాగితాల వైపు చూశాము. ఎన్ని కోట్లు అన్నది ఒక ప్రశ్న. ఇల్లు పోయిన మేస్త్రీ పేరు ఎక్కడ రాసుకుంటున్నారన్నది మా ప్రశ్న. ఉక్రెయిన్ వారి నష్టాలు నమోదు చేయడానికి హేగ్ నగరంలో ఒక రిజిస్టరు ఏర్పాటయింది. 2024 ఏప్రిల్ నుండి దెబ్బతిన్న ఇళ్ళవారు అందులో పేరు రాయించుకుంటున్నారు. పాలస్తీనా నేలపై కట్టిన గోడ వల్ల నష్టపోయినవారి కొరకు కూడా ఐక్యరాజ్యసమితి రిజిస్టరు ఒకటి ఉన్నది, వియన్నాలో, 2007 నుండి. అందులో వేల పేర్లు ఉన్నాయి. చెల్లించే నిధి మాత్రం లేదు. అయినా ఆ రాత పనికిమాలినదని మేము అనుకోము. అమ్మాన్ విమానం జాబితా కూడా చాలా ఏళ్ళు ఉత్త కాగితమే. రాసి ఉండబట్టే ఒకనాడు పలికింది.

మూడవ రోజు కంపనం తరువాత ఇంటిలోకి వెళ్ళి చూస్తే వంటగది కిటికీ పైన, లింటెల్ మూల నుండి సన్నని బీట. అది పాతదో కొత్తదో తెలియలేదు. నాన్నగారు నేర్పిన పద్ధతి ఒకటి ఉన్నది. బీటకు అడ్డంగా సన్నని కాగితం అంటించి తేదీ వేయాలి. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది, కదలకపోతే చిరగదు. తమ్ముడు అట్లాగే చేశాడు. 24-12-2024 అని వేసిన ఆ కాగితం ఇప్పటికి చిరగలేదు.

పెట్టెను మళ్ళీ మంచం క్రిందికి చేర్చే ముందు వాడు నోటుపుస్తకం తీసి, ఫోనులో లెక్క వేయడం మొదలుపెట్టాడు. 1999 నుండి ఇచ్చినదంతా కూడితే రొట్టెల బాకీ ఎన్నడో తీరిపోయి ఉంటుందని వాడి వాదన. తొమ్మిది రొట్టెలకు ఎంత వేశావని అమ్మ అడిగింది. వాడు చెప్పలేకపోయాడు. ఆమె పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ తరువాత కొన్ని నెలలకు చూస్తే, నాన్నగారి చివరి పద్దు క్రింద, వంకర టింకరగా ఉన్న అమ్మ చేతిరాత కనిపించింది: "పక్కవీధి పిల్లకు కళ్ళజోడు. 650."